రెండు వరుసలు

మన సంఘము వెలువరించు ఈ ప్రత్యేక సంచికకు ఉద్యోగధర్మమును గూర్చి ఏదేని వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు నేను కొంత వెనుకాడితిని. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, 1981లో ప్రభుత్వ కార్యాలయమున చిన్న గుమస్తాగా ప్రవేశించి, ముప్పది యెనిమిదేండ్లు కాగితములకు నంబరులు వేసి, 2019లో విశ్రాంతి పొందినవాడను. నీతిశాస్త్రము బోధించు అర్హత నాకు లేదు. కాని తప్పు చేసి దానిని తెలిసికొన్నవాడు చెప్పదగిన మాట యొకటి ఉండును. దానిని మాత్రము చెప్పుదును. నా భాష పాతబడినదని మా ఇంటి పిల్లలు నవ్వుదురు. బరంపురమున మా తెలుగు మాష్టరుగారు బెత్తము పట్టుకొని నేర్పిన భాష ఇది. వేరొక రీతిగా వ్రాయుట నాకు చేతకాదు. చదువరులు మన్నింతురు గాక.

మన తెలుగులో ‘వరుస’ అను మాటకు రెండర్థములు కలవు. క్రొత్తవారు ఇంటికి వచ్చినచో పెద్దలు “ఈయన మనకు ఏ వరుస అవుతాడు?” అని అడుగుదురు. బావయా, మామయా, అన్నయా తేలిన పిమ్మట గాని మాటలు సాగవు. ఇది బంధుత్వపు వరుస. రేషను దుకాణము ముందరనో, రైలు టిక్కెట్ల కిటికీ ముందరనో నిలిచినప్పుడు “వరుసలో రండి” అందురు. ఇది ముందు వచ్చినవాడు ముందు, వెనుక వచ్చినవాడు వెనుక అను వరుస. మొదటి వరుస లేనిదే సంసారము నడువదు. రెండవ వరుస లేనిదే ప్రభుత్వము నడువదు. ఈ రెండును ఒక గుమస్తా బల్లయొద్ద ఎదురుపడినప్పుడు అతడు దేనిని నిలుపవలెను? ప్రభుత్వోద్యోగి నిజాయితీకి అసలైన పరీక్ష ఇదియేనని నా అభిప్రాయము. లంచము దీనికంటె సులువైన పరీక్ష.

లంచమును నేను తేలికచేసి మాటాడుచున్నానని తలంపవలదు. అది పురాతనమైన వ్యాధి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున రాజద్రవ్యమును అపహరించు మార్గములను నలువదింటిని లెక్కించి చూపెను. మన దేశమున అవినీతి నిరోధక చట్టము 1947లోనే వచ్చినది. దానికి మారుగా 1988లో మరియొకటి వచ్చినది. 1962లో కేంద్ర ప్రభుత్వము కె. సంతానము గారి అధ్యక్షతన ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము నివేదిక నిచ్చిన 1964వ సంవత్సరముననే కేంద్ర విజిలెన్సు కమిషను ఏర్పడెను. ఆ సంఘము గుర్తించిన విషయములలో నాకు ముఖ్యముగా తోచునది ఒకటి కలదు. చాలమంది సొమ్ము ఇచ్చుట అక్రమమైన పని చేయించుకొనుటకు కాదు. సక్రమమైన పనినే త్వరగా చేయించుకొనుటకు. అది వేగమునకు చెల్లించు వెల.

వేగమునకు వెల యనగా నేమి? కొంచెము యోచింపుడు. కార్యాలయమున ఒక దినమునకు జరుగు పని ఇంత అని ఉన్నది. ఒకని కాగితము ముందునకు వచ్చినచో మరియొకనిది వెనుకకు పోవలసినదే. కావున లంచము పుచ్చుకొను గుమస్తా తన శ్రమను అమ్ముట లేదు. వెనుక నిలిచియున్న వేరొకని వంతును అమ్ముచున్నాడు. అట్లయినచో, సొమ్ము పుచ్చుకొనక అదే వంతును తన బంధువునకు ఊరక ఇచ్చినవాని మాట యేమి? అమ్మినవాడు దొంగ, దానము చేసినవాడు పుణ్యాత్ముడా? వంతు పోగొట్టుకొన్నవానికి రెండును ఒకటే.

ఈ సంగతి నాకు పుస్తకముల వలన తెలిసినది కాదు. తెలిసిన విధము చెప్పుటకు ముందు మా నాయనగారిని గూర్చి కొంత చెప్పవలెను.

మా నాయనగారు బరంపురమున ఒక వస్త్రముల దుకాణమున లెక్కలు వ్రాయువారు. తెలుగు తప్ప వేరు వ్రాత వారికి రాదు. గంజాం ప్రాంతము మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు పుట్టి, 1936 ఏప్రిల్ 1న ఇల్లు కదలకయే ఒడిశా వారయిన కుటుంబములలో మాది యొకటి. మా తాతగారు గతించిన తరువాత ఇంటిస్థలమును తమ పేరునకు మార్పించుకొనవలసి వచ్చెను. అది 1973వ సంవత్సరము. నాకు పదునాలుగేండ్లు. నాయనగారు తెలుగులోనే అర్జీ వ్రాసికొని, నన్ను వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోయిరి. దారిపొడవునను “తెలుగు కాగితము చూచి విసిరికొట్టుదురేమో” అని అనుచునే యుండిరి. నాకును భయముగానే యుండెను.

అచ్చటి గుమస్తా ఒడియావారు. కాగితమును ఇటు అటు త్రిప్పి చూచి, తనకు చదువ రాదని చెప్పిరి. తరువాత, తెలుగు తెలిసిన ప్యూనును పిలిచి, చదివించుకొని, సంగతిని ఒడియాలో ఒక చిన్న కాగితముపై వ్రాసి అర్జీకి గ్రుచ్చిరి. పుస్తకమున నంబరు వేసిరి. ఒక చీటీపై ఆ నంబరు, తేదీ వ్రాసి నాయనగారి చేతికిచ్చి, మీకు ముందు ఇరువది ముగ్గురు ఉన్నారు, నెల పట్టవచ్చును అని చెప్పిరి. నెలకు నాలుగు దినములు మించి పని జరిగెను. కాఫీకి కూడ ఖర్చు కాలేదు. నాయనగారు ఆ చీటీని పని జరిగిన పిమ్మట కూడ పారవేయక దేవుని పటము వెనుక దాచిరి. ఆ గుమస్తా మాకు ఏ వరుసయు కాడు. వారి పేరు కూడ మేము అడుగలేదు. గుమస్తా పని చేయవలెనను కోరిక నాకు ఆనాడే కలిగెను.

ఇక నా కథ. 1999 అక్టోబరు 17న గోపాలపురము వద్ద తుపాను తీరము దాటి గంజాం జిల్లాను ఊపివేసెను. పన్నెండు దినములు గడువకముందే, 29వ తేదీన, పారాదీపు ప్రాంతమున దానికంటె ఘోరమైన మహాతుపాను వచ్చి దాదాపు పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. ఆ దుఃఖములో దేశమంతయు అటువైపు చూచుట సహజము. మా భాగమున ఇండ్లు కూలినవారికి సహాయధనము విడతలుగా వచ్చుచుండెను. నేనప్పుడు ఆ జిల్లాలోని ఒక కార్యాలయమున ఆ అర్జీలు చూచు బల్లపై ఉంటిని. కార్యాలయము పేరు ఇక్కడ అక్కరలేదు. అర్జీలను వచ్చిన క్రమమున జాబితాగా వ్రాసి పైకి పంపుట నా పని. మొదటి విడత సొమ్ము నలువది ఇండ్లకు సరిపడునంత వచ్చెను.

ఆ దినములలో మా అత్తవారి వైపున నాకు బావమరది వరుస అగు నతడు ఒకడు వచ్చెను. అతని ఇల్లును కూలినమాట నిజము. అర్జీయు నిజమైనదే. నంబరు మాత్రము నలువది యేడు. “బావా, నువ్వు ఉండగా నా కాగితం అడుగున పడి ఉండడమేటి? నాలుగు కాగితాలు పైకి జరుపు. నీ చేతిలో పనే కదా. అందరూ వాళ్లవాళ్లకి చేసుకోవడం లేదేటి?” అనెను. నేను ఏమియు అనలేదు. అతడు తెచ్చిన పండ్లు కూడ తిరిగి పంపివేసితిని. రాత్రి ఇంటియొద్ద కూర్చుండి జాబితా శుభ్రప్రతి వ్రాయునప్పుడు అతని పేరును నలువదవ స్థానమున వ్రాసితిని. నలువదవ పేరు నలువదియొకటవది అయ్యెను. కలము ఒక్క క్షణమైన ఆగలేదు. పైగా, ఒక కష్టమునందున్న వానికి సాయపడితినను తృప్తితో నిద్రించితిని.

లంచము పుచ్చుకొనునప్పుడు చేయి వణకును. ఎవరైన చూచుచున్నారేమోనని కన్ను నాలుగు దిక్కుల తిరుగును. ఆ వణకు మనిషికి మేలు చేయునది. బంధువునకు వంతు తప్పించి ఇచ్చునప్పుడు చేయి వణకదు. మనస్సు ఉప్పొంగును. అందువలననే ఇది కష్టమైన పరీక్ష యంటిని.

నలువదియొకటవ పేరు ఒక ఒడియా వితంతువుది. కూలి చేసికొని బ్రతుకునది. ప్రతి సోమవారము వచ్చి కార్యాలయపు వసారాలో నిలిచి, “మో పాళి ఆసిలా కి, బాబు?” అని అడుగుచుండెను. నా వంతు వచ్చినదా బాబూ అని దాని భావము. ‘పాళి’ యనగా వారి భాషలో వంతు. ఆ మాటకు మన ‘వరుస’వలె బంధుత్వమను అర్థము లేదు. మొదటి రెండు వారములు “ఇంకను రాలేదు” అని తేలికగానే చెప్పితిని. మూడవ వారము తలయెత్తలేకపోతిని. నాలుగవ వారము ఆమె రాలేదు. ఆ గ్రామమునకు విచారణకు పోయినవారు చెప్పగా తెలిసినది: తాళలేక, గోడలు కూలినను నిలిచియున్న ద్వారబంధమును, రెండు దూలములను అమ్ముకొని, పిల్లలతో బడి వసారాలో పండుకొనుచున్నదట.

ఆ దినము నేను మా పెద్ద గుమస్తాగారి వద్దకు పోయి జరిగినది చెప్పితిని. ఇక్కడ కార్యాలయములలో వారిని బొడొబాబు అందురు. ఆయన చాలసేపు మాటాడలేదు. నన్ను తిట్టినచో బాగుండునని నాకు తోచెను. చివరకు, “ఎంత పుచ్చుకొంటివి?” అని అడిగిరి. ఏమియు లేదంటిని. “పుచ్చుకొనియుండినచో తిరిగి ఇమ్మని చెప్పగలిగెడివాడను. ఇప్పుడు ఏమి తిరిగి ఇత్తువు?” అనిరి. ఆ ప్రశ్నకు నాకు నేటికిని సమాధానము దొరకలేదు.

తరువాత ఆయన నా చేతనే నోటు షీటు వ్రాయించిరి. జాబితాలో క్రమము తప్పినదనియు, ఆ తప్పు నాదనియు, నలువదియొకటవ అర్జీదారుకు రాబోవు విడతలో ప్రథమముగా చెల్లింపవలెననియు అందులో వ్రాసితిని. నాకు లిఖితపూర్వకముగా మందలింపు వచ్చెను. అది నా సర్వీసు పుస్తకమున చేరెను. ఆమెకు సొమ్ము మరునాటి సంవత్సరము మార్చిలో చేరెను. అమ్ముకొన్న ద్వారబంధము తిరిగి కొనుటకే అందులో కొంత పోయియుండును. నా బావమరది ఇల్లు మాత్రము సంక్రాంతి నాటికే లేచెను.

ఇప్పుడు ప్రశ్నను విచారింతము. నేను చేసిన తప్పు ఎట్టిది? 1964లో వచ్చిన కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమములు ప్రభుత్వోద్యోగి సంపూర్ణమైన నిజాయితీ కలిగియుండవలెననియు, కర్తవ్యమునందు నిష్ఠ చూపవలెననియు, పదవికి తగని పని చేయరాదనియు ఆరంభముననే చెప్పుచున్నవి. తన కుటుంబమువారికి లాభము ముడిపడియున్న వ్యవహారమును ఉద్యోగి తాను చూడరాదని కూడ అందులో ఉన్నది. మంచి నియమమే. కాని నియమములు కుటుంబమును ఎరుగును; ‘మనవాడు’ అను వానిని ఎరుగవు. మనవాడనగా బంధువు కావచ్చును, కులమువాడు కావచ్చును, ఊరివాడు కావచ్చును. పరరాష్ట్రమున ఉన్న మనవంటివారికి తెలుగు మాటాడు ప్రతివాడును కావచ్చును. ఆ మాటకు హద్దు లేదు. హద్దు లేనిదానిని చట్టము పట్టుకొనలేదు. మనస్సే పట్టుకొనవలెను.

దీనికి పెద్దలు చెప్పు సమాధానములు కొన్ని కలవు. మొదటిది: మంచి పనికై నియమము తప్పిన నేమి? దీనికి సాక్ష్యముగా మనవారు భద్రాద్రి రామదాసును చూపుదురు. కంచెర్ల గోపన్న గోలకొండ నవాబుల కొలువున పాల్వంచ ప్రాంతపు వసూళ్లు చూచిన ఉద్యోగి. సర్కారునకు చేరవలసిన సొమ్మును భద్రాచలమున రామాలయమునకు వెచ్చించి తానీషా చెరలో పడెను. మనమందరము ఆయనకు నమస్కరింతుము; నేనును నమస్కరింతును. కాని గుమస్తాగా పనిచేసినవాడు ఆ కథను విన్నప్పుడు ఒక విషయము గమనించును. జనులు చెప్పుకొను కథలో రాముడు తానీషాకు కలలో కనబడి గోపన్న భక్తుడు, విడిచిపెట్టుము అని ఆజ్ఞాపింపలేదు. తమ్ముని వెంటబెట్టుకొని వచ్చి, సొమ్మంతయు లెక్కపెట్టి చెల్లించి, రసీదు పుచ్చుకొని పోయెను. భక్తునిపై ప్రేమ కలిగిన దేవుడు కూడ ఖజానా బాకీని రద్దు చేయింపలేదు. తన సొమ్ముతో తీర్చెను. ఆ కథను కట్టిన మన పూర్వులకు భక్తియు తెలియును, లెక్కయు తెలియును. మనవానిపై ప్రేమ యున్నచో మన జేబులోనుండి చూపవలెను. ఇతరుల వంతులోనుండి కాదు. నేను ఆనాడు నా బావమరదికి నా జీతములోనుండి కొంత సర్దియుండినచో అది ప్రేమ అయ్యెడిది.

రెండవ సమాధానము: గుమస్తా యంత్రమా? దయ లేని క్రమము క్రమమేనా? చంటిబిడ్డతో నిలిచిన తల్లిని, నడువలేని ముసలివానిని కూడ వరుసలో నిలిపియుంచవలెనా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి నేను ముప్పది యెనిమిదేండ్లలో కనిపెట్టిన కొలత యొకటే. క్రమము తప్పించుటకు గల కారణమును నోటు షీటుపై వ్రాయగలనా? వ్రాసి, వసారాలో నిలిచిన అందరి ఎదుటను బిగ్గరగా చదువగలనా? “ఈమె చేతిలో జ్వరముతో ఉన్న బిడ్డ కలదు, ముందు పంపుచున్నాను” అని చదివినచో వరుసలోనివారే ప్రక్కకు తొలగుదురు. “ఇతడు నా బావమరది, ముందు పంపుచున్నాను” అని చదువగలమా? వ్రాయదగిన దయ ధర్మము. వ్రాయరాని దయ పక్షపాతము.

దయయు న్యాయమును కలిసియుండగలవనుటకు ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు (1934–2010) నిదర్శనము. తమిళ ప్రాంతమున పుట్టి, ఐ.ఎ.ఎస్. అధికారిగా వచ్చి, తెలుగునాట దళితులకు, గిరిజనులకు, వెట్టి కూలీలకు అండగా నిలిచిరి. వెట్టిచాకిరీని రద్దుచేసిన 1976వ సంవత్సరపు చట్టమును కాగితముపై నిలువనీయక పల్లెలలోనికి నడిపించిన అధికారులలో వారు ముఖ్యులు. వారు పేదలవైపు మొగ్గినది నిజమే. కాని ఆ మొగ్గు చట్టము కోరిన మొగ్గు. చాటుమాటున చేసినది కాదు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి అడవులలో నక్సలైట్లు వారిని మరికొందరు అధికారులతో కూడ నిర్బంధించి, పిదప విడిచిపెట్టిరి. అటుపిమ్మటను వారు గిరిజనుల కొరకు పాటుపడుట మానలేదు. పెండ్లి చేసికొనలేదు, తన సంపాదనలో చాల భాగము పేదపిల్లల చదువులకు ఇచ్చెడివారు. భాషచేత గాని కులముచేత గాని తనవారు కానివారికై వారి జీవితము గడచెను. సహాయము తన జేబునుండి, న్యాయము చట్టమునుండి. రెండింటిని వారు కలిపివేయలేదు.

మన సమీపముననే మరియొక ఉదాహరణము కలదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, కొండలలోని సవరల భాషను నేర్చి, వారికి బడులు పెట్టి, ఆ భాషకు వ్యాకరణము వ్రాసి 1931లో వెలువరించిరి. మనవారు కానివారిని మనవారిగా చేసికొనుటకు ఆయన ఎన్నుకొన్న మార్గము వారి మాట నేర్చుట. ప్రజలకు పనిచేయు ప్రతి గుమస్తాయు ఈ పాఠము నేర్వదగును. గ్రాంథికమున వ్రాయుచు ఆయన పేరు తలచుచున్నందులకు ఆయన ఆత్మ నన్ను క్షమించుగాక!

మూడవ సమాధానము బలమైనది: అందరును వారివారికి చేసికొనుచుండగా మనము మాత్రము మడికట్టుకొని కూర్చున్నచో మన తెలుగువారి గతి యేమి? నా బావమరది అన్నదియు ఇదియే. సంఘపు సమావేశములలో కూడ, ఫలాని కార్యాలయమున మనవాడు ఒకడు ఉన్నాడు, ఇక భయము లేదు అను మాట నేను పలుమారులు వింటిని.

సోదరులారా, లెక్క వేసి చూడుడు. మనము ఈ రాష్ట్రమున కొద్దిమందిమి. బళ్లారిలోనైనను, హోసూరులోనైనను, షోలాపురములోనైనను మనవారి స్థితి ఇంతే. పది బల్లలున్న కార్యాలయమున మనవాడు ఒక బల్లపై ఉన్నచో అదృష్టము. తక్కిన తొమ్మిది బల్లలపై ఉన్నవారు ‘మనవాడు’ అను న్యాయమునే పాటించినచో మనకు మిగులునది యేమి? బంధుత్వపు వరుస బలవంతుల ఆయుధము. సంఖ్య గలవారికి అది లాభించును. కొద్దిమందికి రక్ష నంబరు వరుస ఒక్కటే. రాజ్యాంగమున 350వ అధికరణము ప్రతి మనుష్యునకు తన కష్టమును దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైన అర్జీగా ఇచ్చుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన అధికరణములు మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చియు, భాషా అల్పసంఖ్యాకుల కొరకు ఒక ప్రత్యేకాధికారిని గూర్చియు చెప్పుచున్నవి. ఈ హక్కులు కాగితముపై నుండి మన చేతికి రావలెనన్నచో, మన భాష ఎరుగని గుమస్తా మన అర్జీకి నంబరు వేయవలెను. 1973లో మా నాయనగారి కాగితమునకు నంబరు వేసినవారు అట్టివారు. నేను 1999లో త్రుంచినది ఆ వితంతువు వంతును మాత్రమే కాదు. మా నాయనగారిని నిలిపిన త్రాటిని.

పై అధికారియే వరుస తప్పింపుమని ఆజ్ఞాపించినచో చిన్న ఉద్యోగి ఏమి చేయగలడు? ఇది కూడ అడుగదగినదే. తన అభిప్రాయమును మర్యాదగా, కారణముతో నోటు షీటుపై వ్రాయవచ్చును. 1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో సర్దారు వల్లభభాయి పటేలు ఉద్యోగులకు రక్షణ ఉండవలెనని వాదించినది వారు నిర్భయముగా తమ మనస్సులోని మాట చెప్పుటకే. 311వ అధికరణము ఇచ్చిన రక్షణ కునుకు తీయుటకు కాదు, నిజము వ్రాయుటకు. వ్రాసినచో బదిలీ కావచ్చును, కోపము రావచ్చును. ఆ వెల కొందరు చెల్లించిరి. చెల్లింపలేనివానిని నేను దూషింపను. కాని వ్రాయక ఊరకున్నవాడు తనను తాను నిజాయితీపరుడనుకొనరాదు.

1999 తరువాత నా బల్లయొద్దకు మనవారి కాగితము వచ్చినప్పుడెల్ల దానిని ప్రక్క గుమస్తాకు ఇచ్చి, అతనివారి కాగితము నేను తీసికొనెడివాడను. ఇందువలన నాకు కీర్తి రాలేదు. “పేరుకే తెలుగువాడు” అను పేరు వచ్చెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు మరియొక దగ్గరి బంధువు అదే కోరికతో వచ్చెను. కాదంటిని. మరుసటి యేడు వారి ఇంటి పెండ్లికి మాకు శుభలేఖ రాలేదు. నా భార్య ఆ దినమంతయు వంటయింటిలోనే ఉండెను, నాతో మాటాడలేదు. ధర్మము చేసినవానికి వెంటనే మనశ్శాంతి కలుగునని గ్రంథములలో వ్రాయుదురు. నాకు కలుగలేదు. పెండ్లి భోజనము నాకు ముఖ్యము కాదు గాని, ఆమె పుట్టింటి త్రోవ నేను మూసితినను బాధ ఇంకను ఉన్నది. ధర్మమునకు వెల నేనొక్కడనే చెల్లింపలేదు, ఆమెయు చెల్లించినది. ఈ మాట నిజాయితీని గూర్చి ఉపన్యసించువారు చెప్పరు. చెప్పుట నా విధి.

నేటి కాలమున చాల మార్పులు వచ్చినవి. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చిన పిమ్మట, నా కాగితము ఎక్కడ ఆగినది అని సామాన్యుడు అడుగగలడు. ఒడిశాలో 2012లో ప్రజాసేవల హక్కు చట్టము వచ్చి, పలు పనులకు గడువు ఏర్పడినది. కంప్యూటరు నంబరు వేయుచున్నది. యంత్రమునకు మేనమామలు లేరు, మంచిదే. కాని విచారణకు పోవువాడు, ‘కాగితము సరిగా లేదు’ అని త్రిప్పిపంపువాడు, సంతకము పెట్టువాడు నేటికిని మనుష్యులే. చట్టము తలుపు తెరువగలదు. లోపల కూర్చున్నవాని చూపును మార్చలేదు.

చివరగా మన సంఘమునకు ఒక చిన్న మనవి. మనవాడు ఏ కార్యాలయమున ఉన్నాడో వెదకుట మానుదము. దానికి మారుగా ఆదివారమునాడు మన సంఘభవనమున రెండు గంటలు ఒక బల్ల వేయుదము. నావంటి విశ్రాంత ఉద్యోగులు పదిమంది ఉన్నారు. అర్జీ వ్రాయుట రానివారికి వ్రాసి పెట్టుదుము. ఏ కాగితము జతపరచవలెనో, ఏ గడువు కలదో, రసీదు ఎట్లు అడుగవలెనో చెప్పుదుము. తెలుగువారికే కాదు, వీధిలోని వారెవరు వచ్చినను చేయుదుము. వరుసలోనికి పోవుటకు సాయము చేయుట పుణ్యము. వరుసను దాటించుట పాపము. ఇక ఉద్యోగములలో ఉన్న మన పిల్లలను వేధింపకుందము. వారు “కాదు మామయ్యా, మీ నంబరు రావాలి” అన్నచో, గర్వము వచ్చినదని అనక, వారి ఇంటి పెండ్లికి తప్పక పోదము. మన ఇంటి పెండ్లికి తప్పక పిలుతము.

మా నాయనగారు గతించిన తరువాత దేవుని పటములు తుడుచుచుండగా ఆ పాత చీటీ క్రింద పడినది. కాగితము పసుపుబారి మడతల వద్ద చినిగినది. ఒక నంబరు, ఒక తేదీ, గుర్తుపట్టరాని ఒక పొట్టి సంతకము, అంతే ఉన్నవి. దానిని తీసి మరల అక్కడనే పెట్టితిని. దాని ప్రక్కనే నా మందలింపు కాగితపు నకలును కూడ ఉంచితిని. మా మనుమడు మొన్న ఒక పోటీపరీక్షలో ఉత్తీర్ణుడై ప్రభుత్వోద్యోగమున చేరబోవుచున్నాడు. చేరుటకు ముందు రెండు కాగితములను అతనిచే చదివింపవలెనని ఉన్నది.